మంట బిళ్ళ

గాజుబిళ్ళ మీద ఇరవై ఏడు చుట్లున్నాయి. అంచుకు అంటించిన చీటీ మీద పేరు పున్నయ్య, వయసు నలభై తొమ్మిది.

సువార్త కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై ఏడే. బిళ్ళ రూపాయి కాసంత ఉంటుంది. దాని మీద వేలికొస నుంచి తీసిన ఒక్క నెత్తుటి చుక్క వేస్తే, ఆ చుక్క ఆరుతూ ఆరుతూ, మొద్దును అడ్డంగా కోస్తే కనపడే వలయాల్లా చుట్లు చుట్లుగా విడిపోతుంది. ఏడాదికో చుట్టు. పుట్టింది మొదలు ఒంట్లో ఎప్పుడు మంట రేగిందో, ఎప్పుడు చల్లారిందో మనిషి మరిచిపోతాడు గాని నెత్తురు మరిచిపోదు. చల్లగా గడిచిన ఏడు వెంట్రుకంత గీతగా తేలుతుంది. మంట రేగిన ఏడు దళసరిగా, నల్లగా తేలుతుంది. బయటి చుట్లు ఎంత నల్లబడితే గుండెకు గండం అంత దగ్గరపడినట్టు.

ఈ బిళ్ళ మీద నడిమి నుంచి తొమ్మిదో చుట్టు బొగ్గుతో గీసినట్టుంది. ఆ తర్వాత ఒక్క చుట్టూ తేటపడలేదు. చివరి చుట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, పెనం మీద మరిచిపోయిన అట్టు అంచులా మాడిపోయి ఉన్నాయి.

ఇది యాభై దగ్గరపడిన హమాలీ నెత్తురు కాదు. ఎవడో కుర్రవాడిది. ఆ కుర్రవాడు ఈపాటికి ఎక్కడో బస్తా మోస్తూనో, టీకొట్టు దగ్గర నవ్వుతూనో ఉండి ఉంటాడు. వాడి గుండె వచ్చే ఏడు మిరపకోతల దాకా ఆడదు.

ఆ సంగతి మిషన్‌కు పట్టలేదు. దానికి చుట్ల లెక్క అక్కరలేదు. నలుపెంతో చూసి రంగు చెప్పడమే దాని పని. ఎరుపు అని చెప్పింది.

సువార్త బిళ్ళను పళ్ళెంలో పెట్టుకుని మేనేజర్ చక్రధర్ గదికి వెళ్ళింది. పేరొకరిది, నెత్తురొకరిదని చెప్పింది. వేలిలో సూది గుచ్చింది గేటు దగ్గర క్యాంపు వేసిన కుర్రాళ్ళు కాబట్టి తాను ముఖం చూడలేదని, పిలిపించి కనుక్కుందామని అడిగింది. అతను బిళ్ళ వంక చూడలేదు.

"రంగు వచ్చిందిగా. పంపించు."

"ఎవరో పిల్లవాడు సార్. చావబోతున్నాడు."

"కోల్డ్ స్టోరేజీ వాళ్ళు మనల్ని అడిగింది రంగు. ఎవరి నెత్తురని అడగలేదు, ఎందుకు నల్లబడిందనీ అడగలేదు. అబద్ధమాడింది వాళ్ళు. మనం కాదు కదా?"

మాట తప్పు పట్టడానికి లేదు. ఒప్పందంలో అలాగే ఉంది. ఈ బిళ్ళను కనిపెట్టిన శాస్త్రజ్ఞుడు, గుండెపోటు రాకముందే మనిషిని ఆసుపత్రికి చేర్చాలని కనిపెట్టాడు. కొనుక్కున్న ఉరోదీప్తి ల్యాబు, కల్లంలో తాలుకాయలు ఏరినట్టు మనుషుల్ని ఏరడానికి వాడుతోంది. అంతకుముందు ఏడు ఇద్దరు హమాలీలు స్టోరేజీ లోపల బస్తాల కిందే గుండె ఆగి పోయారు. ఆడవాళ్ళు శవాలను గేటుకు అడ్డంగా పెట్టుకుని కూర్చున్నారు. అప్పటినుంచి ఓనర్లకు తెలివొచ్చింది. గేటు లోపల చచ్చినవాడు ఖర్చు. గేటు బయట చచ్చినవాడు ఎవరికీ ఏమీ కాడు. అందుకని కోతల ముందు ముప్పై దాటిన ప్రతి హమాలీ నెత్తురివ్వాలి, కుర్రవాళ్ళకు మినహాయింపు. గాజుబిళ్ళ పచ్చగా వస్తేనే ఛాతీకి పెట్టుకునే ఇత్తడి బిళ్ళ. ఎర్రగా వస్తే ఇంటికి. ఇంటికెళ్ళి ఏం చేయాలో, ఏ డాక్టర్ని చూడాలో చెప్పే బాధ్యత ల్యాబుది కాదు. రంగు తప్ప మరో మాట బయటపెడితే సువార్తకు ఉద్యోగం ఉండదు.

రంగు వెళ్ళింది. పున్నయ్య ఇత్తడి బిళ్ళ పోయింది.

వారం తిరక్కుండానే పున్నయ్య ల్యాబుకొచ్చాడు, పెళ్ళాం నాంచారమ్మను వెంటబెట్టుకుని. డబ్బు కడితే రెండోసారి నెత్తురు చూస్తారు, ఆ వెసులుబాటుంది. పొడుగాటి మనిషి. భుజం మీద బస్తాలు కూర్చునే చోట తోలు కాయకట్టి ఉంది. నోట్లోంచి దగ్గు తప్ప మాట రాదు. మాటలన్నీ పెళ్ళానివే. ఆయన కుడిచేయి చెంబులో ఉంది. చెంబు నిండా మజ్జిగ.

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. సువార్త ఇదేంటని అడిగింది.

"మంటంటే మాకు తెలవందేముందమ్మాయ్?" అంది నాంచారమ్మ. "పుట్టిన కాడ్నించీ మిరపకాయల్లోనే గందా బతుకు. గోళ్ళ సందుల్లో కారం పెట్టుకుని నెత్తురిస్తే మీ మిషన్ ఎర్రగా చూపియ్యక తెల్లగా చూపిద్దా? రాత్రి నుంచీ పుల్లమజ్జిగలో నానబెట్టిచ్చా. ఇప్పుడు చూడు దాని రంగు."

ల్యాబు ముందు పెద్ద బోర్డుంది. 'మీ ఒంట్లో మంట ఎంత?' అని రాసి ఉంటుంది. ఎక్కడో పట్నంలో ఏసీ గదిలో కూర్చుని రాసిన మాట. ఈ ఊళ్ళో మంటంటే ఒకటే అర్థం. తొడిమలు తీసి ఇంటికెళ్ళిన ఆడది పసిపిల్లను ముట్టుకుంటే పిల్ల కెవ్వుమనే మంట. దానికి మందు మజ్జిగేనని ఇక్కడ ఉగ్గుతో నేర్చుకుంటారు. ఆ బోర్డు చదివి ఇంకో అర్థం చెప్పుకోవడం ఈ ఊరివాళ్ళ వల్ల అయ్యే పని కాదు.

సువార్త సూది గుచ్చింది. చుక్క ఆరింది. నలభై తొమ్మిది చుట్లు, ఒక్కొక్కటీ సాలెపోగులా సన్నగా. ఎండల్లో, కారంలో, బస్తాల కింద అరిగిన మనిషి గుండె అంత తేటగా ఉండటం ఆమె ఎన్నడూ చూడలేదు. మిషన్ పచ్చరంగు చూపింది.

వరసంతా ఒక్కసారి గోలపెట్టింది. మిషన్ గుట్టు తెలిసిపోయిందని ఒకడు, లక్షలు పోసి కొన్న మిషన్‌ను చెంబెడు మజ్జిగ ఓడించిందని ఇంకొకడు.

సువార్త పున్నయ్య వంక తిరిగింది. "మొదటిసారి ఇచ్చింది కూడా మీరేగా బాబాయ్?"

ఆయన తన కాళ్ళ వంక చూసుకున్నాడు. జవాబు నాంచారమ్మ చెప్పింది. "ఆయన కాక నేనిచ్చానా?"

చక్రధర్ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. సువార్తకు నాలుక చివరిదాకా వచ్చింది, ఆ మొదటి నెత్తురు ఎవరిదో వాళ్ళని ఆసుపత్రికి తీసుకుపొండి అని. చేతిలో సూది ఉంది. నెల తిరిగితే జీతం ఉంది. మాట మింగేసింది. తర్వాతివాణ్ణి పిలిచింది.

ఆ తర్వాత మజ్జిగ ఊరంతా పాకింది. ఎర్రబిళ్ళ వచ్చిన ప్రతివాడూ వేలు నానబెట్టుకుని మళ్ళీ వచ్చాడు. ల్యాబు గుమ్మంలో పాలవాసన, పులుపువాసన. గిద్దెడు నీళ్ళ మజ్జిగ చాలదని, మీగడ తీయనిదైతే ఇంకా మంచిదని వైద్యాలు పుట్టాయి. సువార్త పళ్ళు కొరుక్కుంటూ ఊరుకుంది. రెండోసారి కూడా ఎర్రగానే వస్తుంది, అప్పుడు తెలుసుకుంటారులే అనుకుంది.

రాలేదు. పచ్చగా వచ్చింది. ఒకడికి కాదు, చాలామందికి. బిళ్ళలు చూస్తే నల్లగానే ఉన్నాయి. మిషన్ మాత్రం పచ్చ అంటోంది.

ఆమె చక్రధర్ గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళింది. అతను దాచలేదు కూడా. రెండోసారి వచ్చిన బిళ్ళలకు, మిషన్‌లో పచ్చకూ ఎరుపుకూ నడిమి గీత కాస్త పైకి జరిపామన్నాడు. కోతలు ముమ్మరంగా ఉన్నాయి, మోసేవాళ్ళు చాలక లారీలు రోడ్డు మీద బారులు తీరాయి, ఓనర్లే కాస్త చూసీ చూడనట్టు పొమ్మన్నారట. పైగా జనం రెండేసిసార్లు నెత్తురిస్తున్నారు, ల్యాబుకూ నష్టం లేదట.

"మజ్జిగ పనిచేస్తోందని వాళ్ళే చెప్పుకుంటున్నారు. మనమెందుకు కాదనాలి?"

"గుండెజబ్బుకు మజ్జిగ మందని మనమే రాసిచ్చినట్టుంది సార్."

"నువ్వు రాశావా? నేను రాశానా?" అన్నాడతను. "ఎవరూ రాయలేదు."

సువార్తకు ఆ నిమిషాన అతని ముఖం మీద మజ్జిగ చెంబు బోర్లించాలనిపించింది. చేతికి దొరికింది తలుపు పిడి ఒక్కటే. దాన్ని చప్పుడయ్యేలా లాగి బయటికొచ్చింది. మిగతా బిళ్ళల పేర్లన్నీ తెలుసు. ఒక్కొక్కరినీ దారిలో ఆపి చెవిలో చెప్పొచ్చు, వింటే వింటారు. పేరు తెలియనిది ఒక్కటే. ఇరవై ఏడు చుట్ల బిళ్ళ.

తొమ్మిదో ఏట ఒంట్లో అంత మంట రేగి, తర్వాత చల్లారకుండా గుండెను పట్టుకు కూర్చునే జబ్బు ఒకటుంది. చిన్నపిల్లలకు గొంతునొప్పితో మొదలవుతుంది. కీళ్ళు వాచి జ్వరం కాస్తుంది. కీళ్ళు తగ్గిపోతాయి. గుండె కవాటాలు చెడిపోతాయి. ఆ సంగతి కోర్సు చదివిన రోజుల్లో సువార్త రాసి రాసి బట్టీపట్టింది. అయితే ఇప్పుడు వెతకాల్సింది ఇరవై ఏడేళ్ళవాణ్ణి కాదు, తొమ్మిదేళ్ళప్పుడు మోకాళ్ళు వాచినవాణ్ణి. అది మగవాళ్ళకు గుర్తుండదు. పెంచిన ఆడవాళ్ళకు గుర్తుంటుంది.

ల్యాబుకు ఎదురుగా రేకుల షెడ్డు ఉంది. ఆడవాళ్ళు మిరప రాశుల చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తుంటారు. మధ్యాహ్నం అన్నం వేళ సువార్త ముక్కుకు గుడ్డ కట్టుకుని వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుంది. మా అక్క కొడుక్కి జ్వరమొచ్చి మోకాళ్ళు వాచాయి, ఇక్కడెవరి పిల్లలకైనా అట్లా వచ్చిందా అని అడిగింది. అక్క లేదు, కొడుకూ లేడు. అబద్ధం సులువుగానే వచ్చింది. ఊరంతా ఆడుతున్నదే కదా.

ఒకామె మేకపాలు పట్టమంది. ఒకామె గాలి సోకిందంది. నాంచారమ్మ తల ఎత్తకుండా తొడిమలు తుంచుతూనే చెప్పుకుపోయింది.

"మా ఆంజిగాడికి వచ్చిందమ్మాయ్. మూడో తరగతిలో ఉన్నాడు. ఇయ్యాల ఈ మోకాలు, రేపు ఆ మోచెయ్యి, బంతుల్లాగా వాచేయి. మాయమ్మ పోయిన కొత్త. నాకు పెళ్ళై ఏడాది. ఈణ్ణి చంకనేసుకుని పుట్టింటికీ అత్తింటికీ తిరిగా. ఆవాలు నూరి పట్టేశా. దానంతటదే తగ్గిపోయింది. ఇప్పుడు చూడు ఎట్టా ఉన్నాడో, దున్నపోతు."

దున్నపోతు ఆ పక్కనే బస్తా దింపుతున్నాడు. నాంచారమ్మ తమ్ముడు, ఆంజనేయులు. రెండేళ్ళ కిందటి దాకా మండలం కబడ్డీ జట్టులో కూతకెళ్ళేవాడు. బావ ఉన్న హమాలీల ముఠాలోనే పని. సువార్తను చూసి బస్తా మీద చేయి వేసి నిలబడ్డాడు.

"నీకా పేరు పెట్టినోళ్ళని అనాలక్కా. సువార్తంట. నువ్వు వచ్చిన కాడల్లా దుర్వార్తే."

షెడ్డంతా నవ్వింది. సువార్త కూడా నవ్వబోయింది. నవ్వు రాలేదు. వాడి మెడ పక్కన నరం చూసింది. అది పరుగులు తీస్తోంది.

నాంచారమ్మను కుళాయి దగ్గరికి పిలిచింది. చేతులు కడుక్కునే నెపం మీద ఇద్దరూ నిలబడ్డారు.

"పిన్నీ, ఆ మొదటి చుక్క ఆంజిదేగా."

నీళ్ళ కింద నాంచారమ్మ చేతులు ఆగాయి.

"మా ఆయనదే."

"బాబాయ్‌కి దగ్గు, ఎర్రగా వస్తదేమోనని భయపడి వాణ్ణి పంపారు. కాదా? వాడి గుండెలో కవాటం చెడింది. ఆ జ్వరం మోకాళ్ళలోంచి పోయింది గాని గుండెలోంచి పోలేదు. మిషన్ చూపించింది కారం కాదు."

"మజ్జిగతో పోయింది గందా. ఇంకేంది?"

"మజ్జిగ కడిగింది నీ మొగుడి వేలు. నీ తమ్ముడిది కాదు."

నాంచారమ్మ షెడ్డు వంక చూసింది. ముఠా ఆడవాళ్ళందరూ చెవులు ఇటు పెట్టి చేతులతో పనిచేస్తున్నారు. ముఠాలో ఒకడు మోసం చేశాడని తేలితే ముఠా మొత్తం బిళ్ళలు ఊడతాయి. ఆ కట్టుబాటు స్టోరేజీ గేటు మీదే రాసి ఉంది.

"మా ఆయనదేనని చెప్తన్నా గందా," అంది అందరికీ వినపడేలా. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు నెలయ్యేసరికి జీతం తీసుకుని పోతావు. మా ముఠా పిల్లలకి నువ్వు పెడతావా కూడు? పో ఇంక," అంది.

వెళ్ళి రాశి దగ్గర కూర్చుంది. తొడిమలు మునుపటి కంటే వేగంగా తుంచింది. కొన్ని కాయలు నడిమికి విరిగిపోతున్నా చూసుకోలేదు.

సువార్తకు ఒళ్ళంతా కాగింది. చక్రధర్ మీద వచ్చిన కోపం వేరు, ఇది వేరు. వాడు పరాయివాడు. ఈమె చంకనేసుకుని పెంచింది. పెంచిన చేత్తోనే మూత పెడుతోంది. అంతలోనే, మూత పెట్టడం ముందు నేర్చుకున్నది ఎవరని లోపలినుంచి ఎవరో అడిగారు. ఆ ప్రశ్న వేసిన గొంతు మీద ఇంకా కోపమొచ్చింది.

సాయంత్రం స్టోరేజీకి వెళ్ళింది. లోపల చలి. ఆంజి బస్తాల మెట్ల మీద నుంచి దిగొచ్చాడు. ఆమె మొత్తం చెప్పింది. వాడు వింటూ నవ్వాడు. కబడ్డీ ఆడినోడికి గుండెజబ్బేందక్కా అన్నాడు. అని, గోడకు చేయి ఆనించాడు. సువార్త వాడి ఊపిరి కుదురుకునేదాకా నిలబడింది. అది కుదురుకోవడానికి ఎంతసేపు పట్టిందో ఇద్దరికీ తెలిసింది.

"రెండేళ్ళ నుంచీ కూత ఆపేశా," అన్నాడు చివరికి. "వయసు అయిపోయిందిలే అనుకున్నా."

"ఇరవై ఏడేళ్ళకా?"

వాడు మళ్ళీ బస్తాల మెట్ల వైపు నడిచాడు.

మర్నాడు పొద్దున్నే ల్యాబు తలుపు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నా పేరు మీదే రాయి అన్నాడు. ఆమె వాడి వేలు సబ్బుతో, స్పిరిట్‌తో కడిగింది, ఎవరూ ఇంకో మాట అనడానికి లేకుండా. బిళ్ళ మీద చుక్క వేసి ఇద్దరూ బల్లకు చెరోవైపు కూర్చుని చూశారు. నెత్తురు ముందు అంచుల్లో కదిలింది. నడిమి నుంచి సన్నని గీతలు ఒకటొకటిగా విడివడ్డాయి. తొమ్మిదోది వచ్చేసరికి సిరా ఒలికినట్టు నల్లగా పాకింది.

"అదేంది?"

"నీకు జ్వరమొచ్చిన ఏడు."

"మా అక్క నన్ను మోసిన ఏడు," అన్నాడు ఆంజి.

ఆ తర్వాతవి ఒక్కొక్కటీ వస్తుంటే వాడే చెప్పుకుంటూ పోయాడు. ఇది బడి మానేసింది. ఇది మొదటిసారి బస్తా ఎత్తింది. ఇది కప్పు గెలిచింది. గెలిచిన ఏడు కూడా నల్లగానే ఉంది. సువార్త పాత బిళ్ళ తెచ్చి పక్కన పెట్టింది. రెండూ ఒక్క ముద్రలోంచి తీసినట్టున్నాయి.

"ఈ ముందుది ఎప్పుడు చూశావక్కా?"

"పడిన రోజే."

వాడు లెక్క వేసుకున్నట్టున్నాడు. అప్పటికి కోతలు మొదలవలేదు. ఇప్పుడు కోతలు అయిపోవచ్చాయి. మధ్యలో మోసిన బస్తాలన్నీ వాడి కళ్ళముందు తిరిగి ఉంటాయి. అరవలేదు. అరిచి ఉంటే ఆమెకు నయంగా ఉండేది.

"నాకు చెప్పటానికి నోరు రాలేదా?"

అప్పుడు చక్రధర్ వచ్చాడు. బల్ల మీద బిళ్ళలు రెండూ చూశాడు, పేర్లు రెండూ చదివాడు. ఇన్నాళ్ళలో మొదటిసారి ఒక బిళ్ళను వంగి శ్రద్ధగా చూశాడు. ముఖం వెలిగింది.

"దొరికారన్నమాట. బావకు బదులు బావమరిది. ఇంక ముఠా మొత్తం గేటు బయటికే. ఈ రెండూ సాక్ష్యం. జాగ్రత్తగా బీరువాలో పెట్టు."

సువార్త లేచింది. కుర్చీ వెనక్కి పడింది.

"ఇందులో నీకు కనపడింది మోసమేనా?" అంది. సార్ అనే మాట దానంతటదే ఊడిపోయింది. "ఇంత నలుపు చూస్తున్నావు. ఎదురుగా మనిషి కూర్చున్నాడు. ఊపిరి చప్పుడు గోడ అవతలికి వినపడుతోంది. నీకు దొరికింది ఇదా?"

"మాట్లాడేది చూసుకుని మాట్లాడు. ఆ బిళ్ళలు కంపెనీవి."

"నెత్తురు వీడిది. నీకు గాజు కావాలంటే నెత్తురు కడిగేసి పంపిస్తా."

రెండు బిళ్ళలూ రుమాల్లో చుట్టుకుంది. తెల్లకోటు విప్పి కుర్చీ పడి ఉన్న చోట వేసింది. ఆంజి భుజం పట్టుకుని లేపింది. చక్రధర్ వెనక ఏదో అంటూనే ఉన్నాడు, అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని.

ఆ ఫోన్ వాళ్ళకంటే ముందు గేటు చేరింది. పున్నయ్య ముఠాను లోపలికి రానివ్వలేదు. ఛాతీల మీద బిళ్ళలు ఊడబీకి బుట్టలో వేయించుకున్నారు. సువార్త కనపడగానే మగవాళ్ళు చుట్టుముట్టారు. నీ ఇంట్లో పొయ్యి ఆరిపోను అన్నాడొకడు. నోరు మూసుకుని ఉంటే ఏం పోయేదన్నాడు ఇంకొకడు. ఈ కోతలు దాటాక చెప్పొచ్చుగా, అప్పటిదాకా వాడు బతక్కపోతాడా అని అడిగాడు ముఠా మేస్త్రి, ఆంజి పక్కనే నిలబడి ఉండగా. అడిగినవాడు చెడ్డవాడు కాదు. ఆకలి మాట్లాడించింది. అయినా సువార్తకు వాళ్ళందరినీ పేరుపేరునా తిట్టాలనిపించింది. మజ్జిగలో వేలు పెట్టి పచ్చరంగు తెచ్చుకున్నవాళ్ళు సగంమంది అక్కడే ఉన్నారు. మీ బిళ్ళలు కూడా నల్లవే, గీత జరిపి మిమ్మల్ని మోయిస్తున్నారు, మీరూ ఆసుపత్రికి పొండి అని చెప్పింది. ఎవరూ వినలేదు. వినడం ఇష్టం లేక ఇంకా గట్టిగా అరిచారు.

షెడ్డులోంచి నాంచారమ్మ పరుగున వచ్చింది. తమ్ముణ్ణి చూసింది, రుమాల్లో మూట చూసింది. ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. కారం చేతులతోనే సువార్త జబ్బలు రెండూ పట్టుకుని ఊపేసింది.

"మా ఆయన మజ్జిగచెంబు తెచ్చిన్నాడే ఎందుకు చెప్పలేదే? ఎదురుగా నిలబడ్డా గందా. నా మొహాన ఎందుకు చెప్పలేదే?"

"అడిగాను. నువ్వెందుకు చెప్పలేదు?"

"బిళ్ళ పోద్దని చెప్పలా."

"నేనూ అందుకే చెప్పలా."

ఇద్దరూ ఒకరి జబ్బలు ఒకరు పట్టుకుని, కొట్టుకోబోతున్నారో ఏడవబోతున్నారో తెలియకుండా ఊగిపోయారు. పున్నయ్య రోడ్డు మీదికెళ్ళి ఆటోను ఆపాడు. తిరిగొచ్చి బావమరిది చంక కింద చేయి వేశాడు. ఆయన నోటి నుంచి మాట రావడం ముఠావాళ్ళు కూడా అరుదుగా విని ఉంటారు.

"ముందు ఎక్కండి," అన్నాడు. "తన్నుకునేది దార్లో తన్నుకోండి."

దార్లో ఆంజి ఒక్కడే, తలుపు లేని పక్క గాలికి ముఖం పెట్టి, గుంటూరు ఆసుపత్రిలో కూడా సూదులు నువ్వే వేస్తావా అక్కా, అక్కడ వేరే సువార్తలున్నారా అని వేళాకోళమాడాడు. నవ్వడానికి ఊపిరి చాల్లేదు. నాంచారమ్మ వాడి తల తన భుజం మీదికి లాక్కుంది. ఆమె చేతుల కారం సువార్త జబ్బల మీద భగభగమంటోంది. సువార్త తుడుచుకోలేదు.

డాక్టరమ్మ నడివయసు మనిషి. స్టెతస్కోపు ఆంజి ఛాతీ మీద పెట్టి చాలాసేపు విన్నది. వీపు వైపు తిప్పి మళ్ళీ విన్నది. స్కానింగు తెర మీద గుండె కొట్టుకుంటుంటే ఒక కవాటం మూసుకోవాల్సినప్పుడు మూసుకోక, చిరిగిన గుడ్డలా రెపరెపలాడటం అందరికీ కనపడింది. గుండె ఉబ్బిపోయి ఉంది. తర్వాత సువార్త రుమాలు విప్పి బిళ్ళలిచ్చింది. డాక్టరమ్మ వాటిని వెలుతురుకు పెట్టి చూసింది. పాత బిళ్ళ మీది తేదీ చదివి, సువార్త వంక ఒకసారి చూసింది.

ఆపరేషన్ చేయాలంది. కవాటం మార్చాలంది. ఈ తేదీన వచ్చి ఉంటే తాను ధైర్యంగా మాట్లాడేదాన్నని, అప్పటికి గుండె ఇంత సాగి ఉండదని, ఇప్పుడు మాత్రం చేయగలిగింది చేస్తామని మాత్రమే చెప్పగలనని అంది. నర్సులు ఆంజిని బండి మీద పడుకోబెట్టి లోపలికి తోసుకెళ్ళారు. వాడు తల ఎత్తి వెనక్కి చూశాడు. తలుపులు మూసుకున్నాయి.

డాక్టరమ్మ కాగితాల మీద రాస్తూ అడిగింది. ఆమె గొంతులో కోపముంది. ఇలాంటివాళ్ళను చూసి చూసి ముదిరిన కోపం.

"ఇంత ముదిరేదాకా ఎవరూ చూడలేదా?"

పున్నయ్య గోడ వైపు తిరిగిపోయాడు. నాంచారమ్మ సువార్త వంక చూసింది.

"చూశాం మేడమ్," అంది సువార్త.

డాక్టరమ్మ కలం ఆగింది.

"చూసి దాచాం," అంది నాంచారమ్మ. "నేను దాచా, ఈ పిల్ల దాచింది, ల్యాబోళ్ళు దాచారు. అట్టాగే రాయండి."